కిలిమంజారో కొండ మీద మేం నలుగురం

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసిపెట్టమని మన పాత విద్యార్థుల సంఘం వాళ్లు అడిగారు. కథలూ కవితలూ మాకు చేతకావు. రాయడానికి మా దగ్గర ఒక్కటే సంగతి ఉంది. 2023 ఫిబ్రవరిలో మేం నలుగురం ఆఫ్రికా ఖండంలోకెల్లా ఎత్తయిన కిలిమంజారో కొండకు వెళ్లొచ్చాం. అదే రాస్తున్నాం.

మేం విశాఖపట్నంలో ఇదే హాస్టల్లో ఆరు నుంచి పది దాకా చదివి, 1999లో పదో తరగతి పాసై బయటికెళ్లిన బ్యాచ్ వాళ్లం. అప్పట్లో మమ్మల్ని పేర్లతో ఎవరూ పిలిచేవారు కాదు. చోడవరం, మాడుగుల, గాజువాక, భీమిలి... ఇవే మా పేర్లు. ఇక్కడా అవే వాడుకుంటాం. ఇవాళ చోడవరం స్కూల్లో మాస్టారు. మాడుగుల సొంత ఆటోమొబైల్ స్పేర్ పార్టుల షాపు పెట్టుకున్నాడు. గాజువాక ఫిట్టరు. భీమిలి పోర్టు దగ్గర ఒక ఏజెంటు ఆఫీసులో గుమస్తా. భీమిలి వాళ్ల నాన్నగారు డాక్‌లో కలాసీగా మూటలు మోసి కొడుకుని చదివించారు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నామో ముందుకు వెళితే తెలుస్తుంది.

అసలు మాకు ఈ కొండ పిచ్చి పట్టించింది ఇద్దరు పిల్లలు. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివినవాళ్లే. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. నిజామాబాద్ జిల్లా పాకాల అనే చిన్న ఊరి పిల్ల, వ్యవసాయ కూలీల బిడ్డ. భువనగిరి రాతి గుట్ట మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో, లడఖ్‌లో శిక్షణ తీసుకుని, టిబెట్ వైపు నుంచి శిఖరానికి చేరారు. గురుకులం వేరు, మన హాస్టల్ వేరు, నిజమే. కానీ ఆ రోజు టీవీలో వాళ్ల ముఖాలు చూస్తుంటే మన ట్రంకు పెట్టె, మన సత్తు పళ్లెం, మన దుప్పటి అన్నీ కళ్ల ముందు తిరిగాయి. "మన పిల్లలేరా" అన్నాడు గాజువాక. ఆ ఒక్క మాట మా అందరి గుండెల్లో పడింది.

తర్వాత 2016లో పూర్ణ కిలిమంజారో ఎక్కిందని పేపర్లో చదివాం. అంతకు పదేళ్ల ముందే, 2006లో, మల్లి మస్తాన్ బాబు కూడా ఆ కొండ ఎక్కాడు. నెల్లూరు జిల్లా వాడైనా, చదువుకున్నది మన పక్కనే విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ స్కూల్లో. ఆ ఏడాది 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలూ పూర్తిచేశాడు. అంతటివాడు 2015లో దక్షిణ అమెరికా ఆండీస్ కొండల్లో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఈ రెండు కబుర్లూ మేం కలిపే గుర్తుపెట్టుకున్నాం. కొండ ఎవరినైనా రానిస్తుంది, ఎవరినైనా తీసుకుపోతుంది.

కిలిమంజారోకు తాళ్లూ, మంచు గొడ్డళ్లూ అక్కర్లేదు. నడిచే ఎక్కవచ్చు. కానీ గైడు లేకుండా ఎవరినీ పైకి వెళ్లనివ్వరు, అక్కడి పార్కు రూలు అది. విమానం టిక్కెట్లు, పార్కు రుసుములు, గైడు, చలి బట్టలు అన్నీ కలిపి మనిషికి మూడు లక్షలకు కాస్త తక్కువైంది. అంత డబ్బు మాలో ఎవరి దగ్గరా ఒక్కసారిగా లేదు. నలుగురం కలిసి నాలుగేళ్లు చీటీ కట్టాం. మధ్యలో కరోనా వచ్చి ఒక ఏడాది చీటీ ఆగింది. మాడుగుల షాపు మూతపడి మళ్లీ తెరుచుకుంది. అయినా ఎవరూ డబ్బు వెనక్కి అడగలేదు.

సాధన అంతా మన ఊళ్లోనే. ఆదివారం తెల్లవారుజామున సింహాచలం కొండ మెట్లు వెయ్యికి పైగా ఎక్కి దిగేవాళ్లం. సాయంత్రాలు యారాడ కొండ దారి, కైలాసగిరి. ఆషాఢ పౌర్ణమికి 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ. వీపు మీద సంచుల్లో ఇసుక సీసాలు పెట్టుకుని నడుస్తుంటే తెలిసినవాళ్లు నవ్వేవారు. ఒకసారి పాడేరు వైపు వెళ్లి, తూర్పు కనుమల్లో అతి ఎత్తయినదని చెప్పే అర్మకొండ కూడా ఎక్కొచ్చాం. దాని ఎత్తు 1,680 మీటర్లు. కిలిమంజారో 5,895. అంటే అర్మకొండ మీద అర్మకొండ, దాని మీద ఇంకో అర్మకొండ పెట్టినా చాలదు.

ఎల్లో ఫీవర్ టీకా మాత్రం మన పోర్టు హెల్త్ వాళ్ల దగ్గరే వేయించుకున్నాం. నావికులతో పాటు వరసలో నిలబడ్డాం. "మీరు ఏ షిప్పు?" అని అడిగాడొకాయన. "షిప్పు కాదండీ, కొండ" అన్నాడు చోడవరం. ఆయనకు అర్థం కాలేదు.

విశాఖ నుంచి ముంబయి, అక్కడి నుంచి అడిస్ అబాబా మీదుగా టాంజానియా చేరాం. కొండ కింద మోషి అనే ఊరు. అక్కడి నుంచి మరంగు వైపు వెళ్తుంటే దారి పొడుగునా అరటి తోటలు, వాటి నీడన కాఫీ మొక్కలు. చాగా అనే జాతి వాళ్ల ఇళ్లూ పెరళ్లూ అవి. మన అరకు కొండల్లో సిల్వర్ ఓక్ చెట్ల కింద గిరిజనులు కాఫీ పండించినట్టే. మాడుగుల కిటికీలోంచి చూసి, "ఒరేయ్, మా పై ఊరికి వచ్చేశాంరా" అన్నాడు.

1889లో ఈ శిఖరాన్ని మొదట ఎక్కింది హాన్స్ మేయర్ అనే జర్మన్, లుడ్విగ్ పుర్ట్‌షెలర్ అనే ఆస్ట్రియన్ అని పుస్తకాల్లో ఉంటుంది. వాళ్లకు దారి చూపింది మరంగు కుర్రవాడు యోహానీ కిన్యాలా లావో అని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. శిఖరం పేరు ఉహురు. స్వాహిలీ భాషలో ఉహురు అంటే స్వేచ్ఛ. 1961 డిసెంబరులో టాంగన్యీకాకు స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఆ శిఖరం మీద దివిటీ వెలిగించారట.

హాస్టల్లో మనకు గైడు అంటే పరీక్షల ముందు బట్టీ పట్టే పుస్తకం. అక్కడ గైడు అంటే మన ప్రాణం చేతిలో పెట్టుకున్న మనిషి. మా నలుగురికి ఒక పెద్ద గైడు, ఇద్దరు సహాయ గైడులు, ఒక వంటాయన, పదిమంది దాకా మోత మనుషులు. గేటు దగ్గర ప్రతి మూటనూ తూకం వేశారు. ఒక మనిషి ఇరవై కిలోలకు మించి మోయకూడదని అక్కడ నియమం. ముల్లు ఇరవై దాటితే మూట విప్పి సామాను తీసేస్తున్నారు. భీమిలి ఆ త్రాసు దగ్గరే చాలాసేపు నిలబడిపోయాడు. "మా నాన్న మోసిన బస్తాలకి ఎవడూ ఇలా ముల్లు చూడలేదురా" అన్నాడు. మాకు ఏమనాలో తోచలేదు.

మేం వెళ్లిన మరంగు దారిలో గుడారాలు వేయరు. రాత్రి పడుకోవడానికి చెక్క ఇళ్లు ఉంటాయి. మొదటి రాత్రి మందారా, 2,720 మీటర్లు. రెండో రాత్రి హొరొంబో, 3,720. చివరిది కీబో, 4,720. రోజుకు సరిగ్గా వెయ్యి మీటర్లు. లోపల ఒకదాని మీద ఒకటి బంకు మంచాలు, పొడుగాటి భోజనాల బల్లలు, బయట కుళాయి దగ్గర చన్నీళ్లు. మిగతా దేశాల వాళ్లు కొందరు ఆ చన్నీళ్లకూ, ఆ ఇరుకుకూ ఇబ్బంది పడ్డారు. మాకు మాత్రం స్టడీ అవర్ అయిపోయి మన డార్మిటరీకి వచ్చినట్టే అనిపించింది. ఎవరు కింద, ఎవరు పైన అని కొట్లాడుకున్నాం కూడా. మాడుగుల హల్వా డబ్బా తీసి గైడులకూ, మోత మనుషులకూ తలో ముక్క పెట్టాం. వాళ్లు మొక్కజొన్న పిండితో ఉగాలి అనే గట్టి సంకటి చేసుకుంటారు. మాకూ పెట్టారు. కూరతో నంచుకుంటే మన చోడి సంకటిని మరిచిపోలేదు కానీ, దానికి చుట్టమే అనిపించింది.

దారంతా గైడు చెప్పే మాట ఒకటే. "పోలే పోలే." మెల్లగా, మెల్లగా అని. మేం కాస్త జోరుగా నడిస్తే ముందుకొచ్చి మా దారికి అడ్డంగా తానే నడిచేవాడు. ఆయన నడక చూస్తే పెళ్లికూతుర్ని మండపానికి తీసుకెళ్తున్నట్టు ఉండేది. దానికి కారణం ఉంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. శిఖరం మీద గాలి ఒత్తిడి మన బీచ్ రోడ్డులో ఉండేదాంట్లో సగమే. అంటే ఒక్కో ఊపిరికి అందే ప్రాణవాయువు కూడా సగమే. ఒంటికి అలవాటు కావడానికి రోజులు పడుతుంది. అందుకే హొరొంబోలో ఒక రోజు అదనంగా ఆగి, కొంచెం పైకి వెళ్లి మళ్లీ దిగి పడుకున్నాం. తొందరపడితే మొదట తలనొప్పి, తర్వాత వాంతులు. అదీ లెక్కచేయకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, మెదడు వాస్తుంది. ఆ స్థితి నుంచి బయటపడాలంటే ఆలస్యం చేయకుండా కిందికి దిగాల్సిందే.

అందుకే రోజూ పొద్దునా రాత్రీ పెద్ద గైడు మా వేళ్లకు ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టి, ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగేవాడు. తలనొప్పి ఉందా? తిన్నావా? నిద్ర పట్టిందా? నీళ్లెన్ని తాగావు? చివర్లో ఒక మాట అనేవాడు. "నాకు బలవంతులు అక్కర్లేదు. నిజం చెప్పేవాళ్లు కావాలి."

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ మాట దగ్గర కాస్త ఆగండి. హాస్టల్ మనకు చాలా నేర్పింది. చన్నీళ్ల స్నానం, ఉన్నదాంట్లో పంచుకోవడం, నేల మీద నిద్ర, వేళకు లేవడం. ఇవన్నీ కొండ మీద మాకు పనికొచ్చాయి. కానీ హాస్టల్లో మనం ఇంకొకటి కూడా నేర్చుకుంటాం. నొప్పి దాచుకోవడం. జ్వరం వచ్చిందంటే ఇంటికి పంపేస్తారు. ఇంటికి వెళ్తే అమ్మానాన్నలకు కూలి పోతుంది, మందుల ఖర్చు, పైగా పాఠాలు పోతాయి. అందుకని ఎవరికీ చెప్పకుండా దుప్పటి కప్పుకుని పడుకుంటాం. మా బ్యాచ్‌లో ఒకడు మలేరియాతో నాలుగు రోజులు అలాగే దాచాడు. చివరికి కామాటీ మామయ్య వాడి ఒళ్లు ముట్టుకుని చూసి, భుజాన వేసుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తాడు. వాడు బతికాడు, కానీ ఆ ఏడాది పబ్లిక్ పరీక్షలు పోయాయి. మామయ్య చూడకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

కీబో దగ్గర నీళ్లు కూడా ఉండవు. కింది నుంచి మోత మనుషులే మోసుకొస్తారు. చెట్టు లేదు, గడ్డి లేదు, అంతా బూడిద రంగు నేల. సాయంత్రం ఏదో తిన్నామనిపించి పడుకుని, రాత్రి పదకొండున్నరకు లేచాం. అర్ధరాత్రి నుదుటికి లైట్లు కట్టుకుని బయల్దేరాం. సీసాలో నీళ్లు గడ్డకట్టే చలి. కింద అంతా అగ్నిపర్వతం నుసి, గులకరాళ్లు. పోర్టులో బొగ్గు గుట్ట మీద నడిచినట్టు, రెండడుగులు వేస్తే ఒక అడుగు వెనక్కి జారుతుంది. మాటల్లేవు. ముందువాడి మడమలు చూసుకుంటూ పోవడమే.

5,150 మీటర్ల దగ్గర హాన్స్ మేయర్ గుహ అని ఒకటి ఉంది. అక్కడ కాసేపు కూర్చోబెట్టారు. గైడు ఇంకా ఏమీ అడగలేదు. భీమిలి తనే చెయ్యెత్తాడు, క్లాసులో ఎత్తినట్టు.

"తల పగిలిపోతోంది. రెండుసార్లు వాంతయింది, చీకట్లో మీరు చూడలేదు. అడుగు సరిగ్గా పడట్లేదు" అన్నాడు.

గైడు వాణ్ణి లేపి, లైటు వెలుగులో ఒక గీత మీద మడమకు వేలు ఆనించి నడవమన్నాడు. నాలుగో అడుగుకి పక్కకి తూలిపోయాడు. "కిందికి" అన్నాడు గైడు. బతిమాలడానికి అక్కడ చోటు లేదు. ఆయన గొంతులో కోపం కూడా లేదు.

నాలుగేళ్ల చీటీ. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల ఫీజులు చూసుకుంటూ వాడు కట్టిన చీటీ. శిఖరం ఇంకా 745 మీటర్ల ఎత్తున ఉంది. మాడుగుల లేచి, "నలుగురం వచ్చాం, నలుగురం దిగిపోదాం" అన్నాడు. భీమిలి వాడి చెయ్యి విడిపించుకుని, జేబులోంచి 1999 నాటి మన హాస్టల్ గ్రూపు ఫోటో తీసి చోడవరం చేతిలో పెట్టాడు. "నా చీటీ పాట మీకే ఇచ్చేశాననుకోండి. పోండ్రా, చలేస్తోంది" అన్నాడు. ఒక సహాయ గైడు వాడి భుజం పట్టుకుని చీకట్లోకి దింపుకుపోయాడు. ఆ చిన్న లైటు కనబడినంతసేపూ చూస్తూ నిలబడ్డాం.

తెల్లవారుతుండగా 5,685 మీటర్ల గిల్మన్స్ పాయింటుకి చేరాం. తూర్పున మావెన్జీ అనే పదునైన శిఖరం, దాని వెనక నుంచి సూర్యుడు. అక్కడి నుంచి అగ్నిపర్వతం బిలం అంచు వెంట మరో రెండు గంటలు. పక్కన గోడల్లా మంచు దిబ్బలు. 1912 నుంచి ఇప్పటికి ఆ మంచులో ఎనభై శాతానికి పైగా పోయిందని గైడు చెప్పాడు. మా పిల్లలు వచ్చేనాటికి ఏం మిగులుతుందో. ఉహురు బోర్డు దగ్గరికి చేరాక ఎవరం కేకలు వేయలేదు. గాజువాక చేతి తొడుగు తీసి బోర్డుని ముట్టుకున్నాడు. గ్రూపు ఫోటో పట్టుకుని మేం ముగ్గురం ఫోటో దిగాం. ఆ ఫోటోలో అరవై రెండు మంది పిల్లలున్నారు, వార్డెన్ మాస్టారు, వంటాయన, కామాటీ మామయ్య కూడా ఉన్నారు. పది నిమిషాలకు మించి ఉండనివ్వలేదు.

మధ్యాహ్నానికి కీబోకి దిగితే భీమిలి అక్కడ లేడు. మా పైప్రాణాలు పైనే పోయాయి. ఇంకా కిందికి, హొరొంబోకి పంపేశారని వంటాయన చెప్పాడు. ఆ దారిలో ఒంటి చక్రం ఉన్న స్ట్రెచర్లు ఉంటాయి. వాణ్ణి దాని మీద కట్టి, మా మోత మనుషులే ఆరుగురు చెరో పక్కా పట్టుకుని రాళ్ల దారిలో వెయ్యి మీటర్లు దింపారట. అంతకు ముందు రోజు మా మూటలు మోసి అలిసిన మనుషులే.

సాయంత్రానికి హొరొంబో చేరేసరికి భీమిలి మెట్ల మీద కూర్చుని ఉగాలి తింటున్నాడు. తలనొప్పి చాలావరకు తగ్గింది. మమ్మల్ని చూసి మొదట అడిగింది, "ఫోటో తడవలేదు కదా?" అని. ఆ రాత్రి శిఖరం గురించి మేం చెప్పిన దానికన్నా వాడు చెప్పిందే ఎక్కువ. స్ట్రెచర్ మోసినవాళ్లలో ఒకాయన కొడుకు బోర్డింగ్ స్కూల్లో చదువుతున్నాడట. సెలవుల్లో తప్ప కనబడడట. "మీ నాన్న ఏం చేసేవాడు?" అని ఆయన అడిగితే, భుజం మీద మూట పెట్టుకున్నట్టు చేసి చూపించాడట మనవాడు. ఆయన నవ్వి, వాడి భుజం తట్టి, ఆ తర్వాత దారంతా తన కోటు వాడికే కప్పి ఉంచాడట. "నన్ను మోసుకొస్తుంటే మా నాన్నే మోస్తున్నట్టుందిరా" అని చెప్పి, కాసేపు వాడు మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు.

దిగొచ్చాక మా ముగ్గురికీ శిఖరం చేరినట్టు సర్టిఫికెట్లు ఇచ్చారు. గిల్మన్స్ పాయింటు దాకా వెళ్లినా ఒకటి ఇస్తారు, భీమిలికి అదీ లేదు. పెద్ద గైడు మాత్రం గేటు దగ్గర వాడి చెయ్యి పట్టుకుని అందరి ముందూ చెప్పాడు. దాచిపెట్టి ఇంకో గంట ఎక్కినవాళ్లను తాను మోసుకుని దించాల్సి వచ్చిందనీ, అందరూ బతకలేదనీ, తనే చెయ్యెత్తి చెప్పినవాడు ఇంటికి నడిచి వెళ్తాడనీ. మన భీమిలి ఇవాళ తన ఇద్దరు పిల్లలతో ఈ వార్షికోత్సవానికి వస్తున్నాడు. వాణ్ణి మీరే అడగండి.

ఇప్పుడు హాస్టల్లో ఉన్న పిల్లలకు మూడు మాటలు. ఒకటి, ఇది చదివి కిలిమంజారో కోసం తొందరపడకండి. ముందు చదువు, ఉద్యోగం, ఇల్లు. కొండలు మన చుట్టూనే ఉన్నాయి, సింహాచలం మెట్లకు టిక్కెట్టు లేదు. రెండు, పోలే పోలే. ఒక సబ్జెక్టు పోయిందనో, పక్కవాడు ముందుకెళ్లిపోయాడనో కుంగిపోకండి. కొండ మీద మెల్లగా నడిచినవాడు వెనకబడ్డవాడు కాదు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. జ్వరం వచ్చినా, కడుపునొప్పి వచ్చినా, ఎవరైనా కొట్టినా, భయపెట్టినా, రాత్రుళ్లు అమ్మ గుర్తొచ్చి నిద్ర పట్టకపోయినా, చెయ్యెత్తి చెప్పండి. వార్డెన్ మాస్టారికి చెప్పండి, ఏఎన్ఎం అక్కకి చెప్పండి, వంటాయనకి చెప్పండి, కనీసం పక్క మంచం వాడికైనా చెప్పండి. చెప్పినవాణ్ణి పిరికివాడు అనకండి. పెద్ద తరగతుల అన్నలూ అక్కలూ, రోజూ రాత్రి స్టడీ అవర్ అయ్యాక చిన్నపిల్లల్ని ఆ గైడులా అడగండి. తిన్నావా, నిద్ర పట్టిందా, ఒంట్లో ఎలా ఉంది అని. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, జీవో అక్కర్లేదు.

మా కొండ మీది గ్రూపు ఫోటోని పెద్దది చేయించి డైనింగ్ హాల్లో పెట్టడానికి తెస్తున్నాం. అందులో ముగ్గురమే ఉన్నాం కాబట్టి, పక్కనే హొరొంబో మెట్ల మీద నలుగురం, మోత మనుషులతో కలిసి దిగింది కూడా పెట్టమని వార్డెన్ గారిని కోరుతున్నాం.

మన హాస్టల్ తమ్ముళ్లకూ, చెల్లెళ్లకూ, పాత మిత్రులందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,

చోడవరం, మాడుగుల, గాజువాక, భీమిలి
(1998-99 పదో తరగతి బ్యాచ్)